కుట్టు మిషను తరఫున నా వాంగ్మూలం

మూడో తేదీ, మంగళవారం

రాసుకో. గుండీ నొక్కాను, ఎర్రగా వెలిగింది, కాబట్టి వింటున్నావనే అనుకుంటున్నాను.

నువ్వు నిన్నటిదాకా మా కోడలి ఫోనువి. తను కొత్తది కొనుక్కుని నిన్ను నా చేతిలో పెట్టింది. "మీరు మాట్లాడితే చాలు అత్తయ్యా, అదే రాసుకుంటుంది. తేదీ కూడా అదే వేసుకుంటుంది. మళ్ళీ కావాలంటే చదివి వినిపిస్తుంది" అంది. మంచిదే. నాకు అక్షరం ముక్క రాదు. నా పేరు రాసి చూపిస్తే అది నా పేరో, దగ్గు మందు పేరో చెప్పలేను. ఇకనుంచి నువ్వు నా రాతగత్తెవి. ఇక్కడ చెప్పింది నీకూ నాకూ మధ్యనే ఉండాలి. ఇంకో చెవిన పడిందో, నిన్ను నీళ్ళ బకెట్లో ముంచుతాను.

విషయం ఏమిటంటే, ఈరోజు నా కుట్టు మిషనును ముందుగదిలోంచి బాల్కనీలోకి గెంటేశారు.

గెంటింది బయటివాళ్ళు కాదు. నేను కన్న కొడుకే. ఎన్ని ఇళ్ళు మారినా కిటికీ పక్క చోటు ఆ మిషనుది. నలభై రెండేళ్ళు దాని ముందు కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టాను. వీణ్ణి పసివాడిగా దాని కిందే పడుకోబెట్టేదాన్ని. తొక్కుతుంటే నిద్రపోయేవాడు, ఆపితే లేచి ఏడ్చేవాడు. అటువంటివాడు ఇవాళ దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, బట్టలారేసే తీగ కింద నిలబెట్టి వచ్చాడు.

దాని చోటులో ఏం పెట్టాడో కూడా రాసుకో. ఒక పెద్ద కుర్చీ. కుర్చీ ముందు గోడంత తెర. మోకాళ్ళ మధ్య ఒక నిలువు కర్ర. ఎడంపక్క ఒక మీట. కాళ్ళ కింద రెండు పెడళ్ళు. ఏమిటిరా ఇది అంటే హెలికాప్టరు అన్నాడు. నిజందనుకునేవు. కాదు. తెర మీద ఎగిరేది. ఏదో కొత్త హెలికాప్టరు ఏడు నెలలుగా ఇదిగో అదిగో అంటూ ఊరించి, రేపు విడుదలవుతుందట. అందుకని మిషను బయటికి.

అంతటితో అయిపోలేదు. ఈ నెల ఇరవై రెండో తేదీ ఆదివారం ఒక వ్యాను వస్తుంది. కుట్టు నేర్పే కేంద్రం వాళ్ళది. మిషనును వాళ్ళకి ఇచ్చేస్తానని మాటిచ్చాడట.

"ఎవరినడిగి ఇచ్చావురా మాట?"

"నువ్వెలాగూ కుట్టడం లేదు కదమ్మా. పదకొండు నెలలైంది. అక్కడ పదిమంది నేర్చుకుంటారు."

కుట్టలేక కాదు, పని లేక. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. పని లేక అని రాసుకో. బట్టని నొక్కిపట్టే మిషను పాదం కింద దిండు గలీబు ఒకటి సగం కుట్టి ఉంది. దానికి తొందరేముంది? దిండేమన్నా చలికి వణుకుతోందా?

నాలుగో తేదీ, బుధవారం

మా అబ్బాయి ఉద్యోగం గురించి నీకు చెప్పలేదు. బళ్ళ బీమా కంపెనీలో పని. గుద్దుకున్న కార్ల దగ్గరికి వెళ్ళి, సొట్టలు చూసి, తప్పెవరిదో రాసిస్తాడు. ఊళ్ళో వాళ్ళ తప్పులన్నీ రాస్తాడు. ఇంట్లో తప్పు మాత్రం వాడి కంటికి ఆనదు.

ఇవాళ ఆఫీసుకి జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోయాడు. హెలికాప్టరు విడుదలైందిగా. మధ్యాహ్నం దాకా తెర మీద నీలం గీత ఒకటి నత్తలా పాకుతూ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నా మొహం అంతసేపు ఎన్నడూ చూడలేదు. గీత పూర్తయ్యాక కొత్త బూట్లు తొడుక్కున్నాడు. అవునమ్మా, దీనికోసం ప్రత్యేకంగా కొన్న బూట్లు. ఇంట్లో, సొంత ముందుగదిలో!

హెలికాప్టరు చూడటానికి బాగానే ఉంది. పసుపు రంగుది. పొట్ట లావు, తోక సన్నం. ఆసుపత్రి మేడ మీద తెల్లటి గుండ్రని గీత మధ్య నిలబడి ఉంటుంది. దాన్ని మూరెడు లేపాడో లేదో, గిర్రున తిరిగి పక్కకి పడింది. మళ్ళీ లేపాడు. ఆసుపత్రి గోడకి కొట్టుకుంది. మళ్ళీ లేపాడు. వెనక్కి పోయి పోయి కిందున్న కార్ల మీద కూలింది. పద్నాలుగు సార్లు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. కార్ల మీద పడినప్పుడు, "దీనికి బీమా ఎవరిస్తారు నాయనా?" అని అడిగాను. అక్కడ మొదలైంది.

"అమ్మా, నీకు తెలీదు, ఊరుకో. ఎడంచెయ్యి ఒకటి చేస్తుంది, కుడిచెయ్యి ఇంకోటి చేస్తుంది, కాళ్ళు మరోటి చేస్తాయి. అన్నీ ఒకేసారి చెయ్యాలి. ఎంత కష్టమో తెలుసా?"

"తెలుసు. నలభై రెండేళ్ళు ఆ పనే చేశాను. దాన్నే నువ్వు బాల్కనీలో పెట్టావు."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "అయితే నువ్వు నిలబెట్టు చూద్దాం! ఆ తెల్ల గీత దాటకుండా, మనిషి ఎత్తున, గాల్లో ఒక్క నిమిషం నిలబెట్టు. నిలబెడితే మిషను ఎక్కడికీ పోదు. మళ్ళీ దాని చోటులోనే పెడతాను."

"ఎప్పటిలోగా?"

"వ్యాను వచ్చేలోగా."

"సాక్షి?"

వాడు వంటింటి వైపు చూశాడు. కోడలు చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "నేను సాక్షి" అంది. అంతే, రెండే మాటలు. మా కోడలు రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. సూది గుచ్చి రక్తం తీయడం తన పని. మాట తక్కువ మనిషి. నాకు మాట తక్కువ వాళ్ళంటే ముందునుంచీ అనుమానమే.

ఐదో తేదీ, గురువారం

పడింది.

ఆరో తేదీ, శుక్రవారం

ఇరవై రెండు సార్లు పడింది. కానీ నీకొక్క ముక్క చెబుతాను, వాడు పడేసినట్టు పడేయలేదు.

పొద్దున్న ఇద్దరూ పనులకి వెళ్ళిపోతారు. ఇల్లంతా నాదే. చెప్పులు విప్పి కుర్చీ ఎక్కాను. తొక్కే పని ఏదైనా ఒట్టి కాళ్ళతోనే చెయ్యాలి. పాదానికి తెలియాలి కదా కింద ఏముందో. బూట్లేసుకుని తొక్కేవాడికి ఏం తెలుస్తుంది? ముందు రెండు కాళ్ళూ కలిపి మడమా మునివేళ్ళూ ఆడించాను, మిషను అలవాటు. హెలికాప్టరు కదలదు, మెదలదు. తర్వాత తెలిసింది, ఇక్కడ ఒక కాలు ముందుకెళ్తే రెండోది వెనక్కొస్తుంది. ఎడంచేతి మీట ఎత్తితే పైకి లేస్తుంది. లేస్తూనే మూతి పక్కకి తిప్పుకుంటుంది. అప్పుడు కాలితో సర్దాలి. కాలితో సర్దగానే పక్కకి జారుతుంది. అప్పుడు కర్రతో సర్దాలి. మొత్తం మీద అలిగిన పెళ్ళికూతురిలా ఉంటుంది వ్యవహారం.

కుర్చీ మాత్రం దున్నపోతులు కూర్చునేది. వెనక్కి ఆనితే కాళ్ళు అందవు, కాళ్ళు అందితే నడుము ఆనదు. ఎండ సరిగ్గా పదిగంటలకి తెర మీద పడుతుంది, ఏమీ కనిపించదు. ఇంకోటి, కోడలు పెట్టే కాఫీ కుళాయి నీళ్ళలా ఉంటోంది. దానికీ హెలికాప్టరుకీ సంబంధం లేదు. మనసులో ఉంది కాబట్టి చెప్పాను.

ఏడో తేదీ, శనివారం

కుర్చీలో వీపుకి ఒక దళసరి దిండు ఉంది. కోడలు ఎక్కడో పెట్టబోయి ఇక్కడ మర్చిపోయినట్టుంది. వాడుకుంటున్నాను. కిటికీకి పాత దుప్పటి కూడా కట్టింది. ఎండకి సోఫా రంగు పోతోందట.

కింది అంతస్తులో ఉండే డ్రైవరు వచ్చాడు, నేను తమ్ముడూ అని పిలుస్తాను. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. పందెం సంగతి ఎలా తెలిసిందో మరి. "అక్కా, బండి అంటే బండే. మీరు లేవండి, నేను చూపిస్తాను" అన్నాడు. కూర్చున్నాడు. మీట ఎత్తాడు. అది తిరగడం మొదలుపెట్టింది.

"బ్రేకు ఎక్కడక్కా?"

"గాల్లో బ్రేకేమిటి తమ్ముడూ?"

"ఇదేగా కాలి కింద!" అని రెండో పెడలుని నేలకి అంటేలా తొక్కాడు. అది బొంగరంలా గిర్రున తిరిగి, ఆసుపత్రి ఆవరణలో జండా స్తంభాన్ని విరిచి, తలకిందులై ఆగింది. ఆయన కుర్చీలోంచి లేచి గోడ పట్టుకున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. తాగి, "దీనికి కండక్టరు లేడు, అదీ లోపం" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఎనిమిదో తేదీ, ఆదివారం

ఆదివారాలు వాడిదే కుర్చీ. పంతొమ్మిది సార్లు కూల్చాడు. నేను చూడలేదు. చప్పుళ్ళు లెక్కపెట్టాను.

కాఫీ చిక్కబడింది. బుద్ధి వచ్చినట్టుంది.

తొమ్మిదో తేదీ, సోమవారం

రాతగత్తే, ఇవాళ అసలు సంగతి దొరికింది. ఇది ఎవరికీ చెప్పను, నీకు తప్ప.

ఎంతసేపూ లేచే క్షణంలోనే పడిపోతోంది. లేచాక కాదు. పాదాలు బాగానే ఉన్నాయి. ఎడంచెయ్యి బాగానే ఉంది. మరి ఎక్కడ? ఇవాళ తెర చూడటం మానేసి నన్ను నేను చూసుకున్నాను. ఎడంచేత్తో మీట ఎత్తబోయేసరికి, నా కుడిచెయ్యి కర్రని వదిలేసి కుడిపక్కకి పోయి, ఉత్త గాలిని తిప్పి వస్తోంది!

కారణం నీకు తెలియదు కాబట్టి చెబుతాను. తొక్కుడు మిషను ఊరికే కాలు వేస్తే నడవదు. ముందు కుడిపక్కనున్న చక్రాన్ని చేత్తో మన వైపుకి ఒక్క తిప్పు తిప్పాలి. ఆ తర్వాతే కాలు. అలా తిప్పకుండా తొక్కామో, చక్రం ఎదురు తిరిగి దారం పుటుక్కున తెగుతుంది. నలభై రెండేళ్ళుగా, రోజుకి వందసార్లు, పని మొదలుపెట్టేముందు ఈ చెయ్యి ఆ చక్రాన్ని తాకింది. ఇప్పుడు హెలికాప్టరు లేపబోతుంటే కూడా అది వెళ్ళి చక్రం వెతుక్కుంటోంది. అది వెళ్ళిన ఆ అరక్షణంలో కర్ర అనాథ అవుతుంది. హెలికాప్టరు గోడ పాలు.

"ఎక్కడికే పోతున్నావు?" అని చేతిని గట్టిగా అడిగాను. నా చెయ్యే నా మాట వినడం లేదు. ఇక కొడుకు వింటాడా.

పదో తేదీ, మంగళవారం

విననే లేదు.

పదకొండో తేదీ, బుధవారం

ఇంజను మొదలుపెట్టడానికి ఇన్నాళ్ళూ వాడు పొద్దున్నే ఏవో నొక్కి వెళ్ళేవాడు. ఇవాళ తొందరలో మర్చిపోయాడు. మర్చిపోయాడో, కావాలని మర్చిపోయాడో. తెర మీద అన్నీ అక్షరాలే. అయినా వాడు చేస్తుంటే చూశాను కదా. పైవరసలో కుడినుంచి మూడోది. ఎర్రదీపం ఆరేదాకా ఆగాలి. తర్వాత కిందవరసలో చివరిది. బట్ట మీద గీసే సుద్దముక్క తెచ్చి తెర అంచుల మీద ఒకటి, రెండు, మూడు చుక్కలు పెట్టుకున్నాను. ఇంజను గురగురలాడింది. చదువు రానివాళ్ళకి సుద్ద చాలు.

సాయంత్రం వాడు వచ్చి కేకలు పెట్టాడు. "తెర మీద ఈ గీతలేమిటి?" నేను నోరు తెరవకముందే కోడలు, "నేను తుడుస్తుంటే పడ్డాయి, ఉండనీండి, రేపు తుడుస్తాను" అంది. రేపటికి అదీ మర్చిపోతుంది. చెప్పానుగా, పనిలో కాస్త మరుపు.

పదమూడో తేదీ, శుక్రవారం

కొలత టేపుతో కుడి మణికట్టుని కర్రకి కట్టేశాను!

నలభై సెకన్లు నిలబడింది. కోడలు ల్యాబులో వాడే గడియారం ఒకటి బల్ల మీద ఉంది, టిక్కుటిక్కుమంటుంది, దానితో చూశాను. నలభై సెకన్లు గాల్లో, గీత లోపల. చెయ్యి పోదామని గుంజుకుంది, టేపు పోనివ్వలేదు. ఇంకో రహస్యం కూడా తెలిసింది. కర్రని పట్టుకోకూడదు. బట్టని మిషను కింద నెట్టకూడదు కదా, నెడితే కుట్టు వంకర పోతుంది. అది వెళ్తుంటే వేళ్ళు ఆనించి దారి చూపాలి, అంతే. ఇదీ అంతే. అది జారబోతోందని పాదానికి తెలుస్తుంది. జారకముందే కాస్త వద్దని చెప్పాలి.

నాకు హెలికాప్టరంటే ఇష్టమని అనుకునేవు. అదేం లేదు. మిషను కోసం. మధ్యాహ్నం అన్నం చల్లారిపోయేదాకా కూర్చున్నది కూడా మిషను కోసమే.

పదిహేనో తేదీ, ఆదివారం

టేపు చూశాడు.

"ఇది మోసం! చెయ్యి కట్టేసుకుని నడుపుతారా ఎవరైనా? పైలట్లు ఎవరైనా కట్టుకుంటారా?"

"పైలట్లు బూట్లు కొనుక్కుని గోడలకి కొడతారా?"

"వచ్చే ఆదివారం నాడు టేపు కుదరదమ్మా. ఉత్త చేతులతో. లేకపోతే పందెం చెల్లదు. ఏమంటావ్, సాక్షీ?"

కోడలు కాసేపు ఆలోచించింది. "టేపు లేకుండానే" అంది. ఎవరి పక్షమో చూశావా. అసలు నీకెందుకు కట్టుకోవాల్సి వచ్చిందమ్మా అని వాడు అడిగితే, వణుకు అని చెప్పాను. వాడి మొహం మారిపోయింది. "డాక్టరుకి చూపిద్దామా?" అన్నాడు. అబద్ధం చెప్పినందుకు కాదు గాని, ఆ మొహం చూసి ఎందుకు చెప్పానా అనిపించింది.

పదిహేడో తేదీ, మంగళవారం

బాల్కనీలో బట్టలు ఆరేస్తూ కోడలు పట్టా ఎత్తి మిషను తుడిచింది. గలీబు చూసి, "అత్తయ్యా, దారం ఎక్కించి పెట్టనా?" అంది.

"నాకు చేతులు లేవా?"

"అలా కాదు..."

"పని ఉన్నప్పుడు నేనే ఎక్కించుకుంటాను. నీ పని చూసుకో."

చూసుకుంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఈ ఫోను వెలుగులో వెతుక్కున్నాను. నెత్తి మీదే ఉంది. దాని వల్ల ఉపయోగం మాత్రం... సరే, అది వేరే సంగతి. రాసుకోకు.

పంతొమ్మిదో తేదీ, గురువారం

కుట్ర జరిగింది!

రాత్రికి రాత్రి హెలికాప్టరుని మార్చేశారు. నిన్నటిదాకా నా మాట వినే తోక ఇవాళ నన్ను గుర్తుపట్టడం లేదు. కాలు కాస్త ఆనిస్తే చాలు, మూతి తిప్పేసుకుంటోంది. సాయంత్రం వాడు గుమ్మంలో బూట్లు విప్పకముందే నిలదీశాను.

"ఏం చేశావురా దాన్ని?"

"నేనేం చెయ్యలేదమ్మా! అప్‌డేటు వచ్చింది. కొత్తగా విడుదలైంది కదా, తప్పులు దిద్దుతున్నారు. తోక బరువు సరిగ్గా లేదని అందరూ గోల పెడితే మార్చారట."

"తప్పు తోకలో ఉంటే అంతమంది ఇన్నాళ్ళూ తమని తిట్టుకున్నారా?"

"నేను కూడా" అన్నాడు దిగులుగా. అప్పుడే పది సెకన్లు నిలబెట్టడం వచ్చిందట వాడికి. ఇవాళ ఒక్క సెకను కూడా లేదు. ఇద్దరం పక్కపక్కన సోఫాలో కూర్చుని తెరని తిట్టాం. చాలారోజులైంది అలా కూర్చుని.

ఇరవయ్యో తేదీ, శుక్రవారం

చక్రాన్ని తిప్పే తోలు పట్టా మార్చిన మొదటిరోజు మిషను కూడా ఇలాగే మొండికేస్తుంది. కొత్త పట్టా బిగువుగా ఉంటుంది, పాత తొక్కుడు పనికిరాదు. బిగువు పాదానికి తెలిసేదాకా ఊరికే తొక్కుతూ కూర్చోవాలి. సాయంత్రందాకా తొక్కుతూ కూర్చున్నాను. తోకకీ నాకూ రాజీ కుదిరింది.

చెయ్యితోనే కుదరడం లేదు.

ఇరవై ఒకటో తేదీ, శనివారం

ఉన్నదున్నట్టు చెబుతాను. రేపు నేను ఓడిపోతున్నాను.

టేపు లేకుండా ముప్ఫై సార్లు లేపాను. ముప్ఫైసార్లూ చెయ్యి చక్రం వెతుక్కుంటూ పోయింది. గట్టిగా బిగించి పట్టుకుంటే పోవడం లేదు గాని, బిగిస్తే కర్ర బిగుసుకుని హెలికాప్టరు ఎగిరి దూకుతోంది. అక్కడ చక్రమంటూ ఉంటే దాన్ని ఒక్కసారి తాకి తిరిగొచ్చేస్తుందేమో ఈ చెయ్యి. దానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. కానీ చక్రం బాల్కనీలో ఉంది, హెలికాప్టరు ముందుగదిలో ఉంది. రెండూ ఒకచోట ఉంటే ఈ గొడవే లేదు కదా.

మధ్యాహ్నం బాల్కనీలోకి వెళ్ళి మిషను దగ్గర కాసేపు కూర్చున్నాను. చక్రం తిప్పాను. చల్లగా ఉంది. ఇంకో సంగతి కూడా నీకు చెప్పాలి. అసలు సంగతి అదే.

వద్దులే. రేపయ్యాక.

ఇరవై రెండో తేదీ, ఆదివారం

ఊపిరి తీసుకోనీ. వరసగా చెబుతాను.

పదింటికి వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు పైకి వచ్చారు. కింది డ్రైవరు తమ్ముడు కూడా వచ్చాడు, పిలవకుండానే. మా అబ్బాయి గొంతు సవరించుకుని, "అమ్మా, మొదలుపెడదామా? వణుకుంటే వద్దులే, వాయిదా వేద్దాం" అన్నాడు. వాడు మంచివాడే. కానీ నేను వాయిదాలు పుచ్చుకునే మనిషిని కాను. చెప్పులు విప్పి కుర్చీ ఎక్కాను.

ఈలోగా వ్యాను మనుషులు బాల్కనీలోంచి మిషను ఎత్తి తెస్తున్నారు. గుమ్మం వైపు పోతున్నారు. అప్పుడు మా కోడలు అడ్డం వెళ్ళింది.

"ఇక్కడ దింపండి."

"ఎక్కడమ్మా?"

"ఈ కుర్చీకి కుడిపక్కన. ఇంకొంచెం దగ్గరికి. చక్రం ఇటు ఉండాలి."

"అక్కడెందుకు, దారికి అడ్డం!" అన్నాడు మా అబ్బాయి.

"వాళ్ళు మంచినీళ్ళు తాగొద్దా? అంత బరువు మోశారు" అంది. ఒకేసారి ఇన్ని మాటలు ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు.

దింపారు. నేను తెర వైపే చూస్తున్నాను. ఇంజను గురగురలాడుతోంది. ఎడంచెయ్యి మీట మీద పడింది. ఎత్తబోయాను. కుడిచెయ్యి కర్రని వదిలి పక్కకి పోయింది, దాని బుద్ధి పోనిచ్చుకోకుండా. పోయి చక్రాన్ని తాకింది.

చక్రం ఉంది!

ఒక్క తిప్పు తిప్పింది. సూది టక్కున గలీబులో దిగింది. పని మొదలైందని చేతికి నమ్మకం కలిగింది. దానంతట అదే వచ్చి కర్ర మీద వేళ్ళు ఆనించుకుని కూర్చుంది, బుద్ధిగా. అప్పుడు ఎత్తాను మీట.

లేచింది. మూతి తిప్పబోయింది, పాదం వద్దంది. జారబోయింది, వేళ్ళు వద్దన్నాయి. మనిషి ఎత్తున ఆగింది. కోడలు గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఇరవై. ముప్ఫై. వ్యాను మనిషి ఒకడు జేబులోంచి కాగితం తీసి, "సంతకం ఎవరు పెడతారు సార్?" అన్నాడు. నలుగురూ ఒక్కసారి "ష్!" అన్నారు. హెలికాప్టరు కూడా కాస్త ఉలిక్కిపడింది. సర్దాను. నలభై ఐదు. డ్రైవరు తమ్ముడు లేని బ్రేకుని నేల మీద తొక్కుతున్నాడు. యాభై ఐదు.

గడియారం మోగింది.

"అయిపోయిందమ్మా! దింపు!" అని మా అబ్బాయి కేక.

"ఉండరా, బాగుంది" అన్నాను.

ఆ మాట ఎందుకు అన్నానో తెలియదు. దింపాలనిపించలేదు. గాల్లో అలా, ఎటూ పోకుండా, నా కాళ్ళ మీద, నా చేతుల మీద నిలబడి ఉంది అంత పెద్ద పసుపురంగు వస్తువు. ఇంకో నిమిషం ఉంచాను. తర్వాత గీత మధ్యలో దింపాను, పసిపిల్లని పడుకోబెట్టినట్టు.

మా అబ్బాయి వచ్చి మిషను పక్కన నేల మీద చతికిలబడ్డాడు. తొక్కుడు పలక మీద చెయ్యి వేశాడు. "ఎలా చేశావమ్మా?" అన్నాడు.

"ముందు బూట్లు విప్పు, చెబుతాను."

వ్యాను ఖాళీగా పోయింది. వెంటనే పోలేదులే. ఆ ఇద్దరూ చెరో నాలుగుసార్లు హెలికాప్టరుని కూల్చి, గంట తర్వాత పోయారు. కిటికీ పక్క చోటు మళ్ళీ మిషనుదే. కుర్చీ దానికి ఎడంపక్కకి జరిగింది. తీర్పు నా పక్షాన వచ్చిందని రాసుకో.

ఇరవై మూడో తేదీ, సోమవారం

గెలిచిన మనిషికి నిద్ర పట్టాలి. నాకు పట్టలేదు. ఒకటే ఆలోచన.

కుర్చీకి కుడిపక్కన, చక్రం ఇటు ఉండేలా పెట్టమని కోడలికి ఎవరు చెప్పారు? చెయ్యి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నీకు తప్ప.

వీపుకి దిండు. నీకు చెప్పాను, మర్నాడు వచ్చింది. కిటికీకి దుప్పటి. నీకు చెప్పాను, మర్నాడు వచ్చింది. కాఫీ!

మధ్యాహ్నం డ్రైవరు తమ్ముణ్ణి పిలిచి నిన్ను చూపించాను. "ఇందులో నేను చెప్పుకున్నది ఇంకెవరికైనా కనిపిస్తుందా తమ్ముడూ?" ఆయన అటూ ఇటూ నొక్కి చూశాడు. "ఇది ఇంకా మీ కోడలి ఖాతాలోనే ఉందక్కా. ఇందులో ఏది రాసినా ఆవిడ ఫోన్లో కూడా వస్తుంది. ఏం, ఏమైనా రాశారా?"

ఏమీ లేదన్నాను.

ఆయన వెళ్ళాక నీళ్ళ బకెట్ దాకా తీసుకెళ్ళాను నిన్ను. మొదటినుంచీ ఏమేం చెప్పానో చదివి వినిపించమన్నాను. విన్నాను. మాట తక్కువ మనిషి అన్నాను. అనుమానం అన్నాను. కుళాయి నీళ్ళు అన్నాను. మరుపు అన్నాను. అన్నీ చదివి, ఆ పిల్ల ఒక్కరోజు కూడా మొహం ముడుచుకోలేదు. దిండు తెచ్చి పెట్టింది.

బకెట్ పక్కన పెట్టేశాను. నీ తప్పేముంది.

సాయంత్రం కోడలు ల్యాబునుంచి వచ్చింది. ఫోను సంగతి నేను ఎత్తలేదు. ఇద్దరం కాఫీ తాగాం. నేను బాల్కనీ వైపు చూశాను, తను వంటింటి వైపు చూసింది.

ఇరవై నాలుగో తేదీ, మంగళవారం

రాతగత్తే, శనివారం ఆపేసిన సంగతి ఇప్పుడు చెబుతాను. నీకే చెబుతున్నాను. ఇంకెవరైనా వింటే అది వాళ్ళ ఇష్టం.

పని లేక కాదు. సూది కన్ను కనిపించడం లేదు. పదకొండు నెలలుగా. మొదట దీపం తప్పన్నాను, తర్వాత దారం తప్పన్నాను, తర్వాత కళ్ళజోడు తప్పన్నాను. ఒకరోజు గలీబు సగంలో దారం తెగింది. గంటసేపు ప్రయత్నించి వదిలేశాను. కుట్టడం ఇప్పటికీ వచ్చు. పాదానికి వచ్చు, చేతికి వచ్చు. గోడంత తెర కనిపిస్తుంది. ఆ ఒక్క చిల్లే కనిపించదు. ఎవరినైనా అడగవచ్చు. అడగడం నాకు రాదు. చదువులాగే అదీ ఎవరూ నేర్పలేదు.

తెల్ల దారం మిషను సొరుగులో ఉంది, ఎడంపక్కది. నరం దొరకబుచ్చుకునే చేతికి సూది కన్ను ఒక లెక్కా అనుకుంటున్నాను. ఊరికే అనుకుంటున్నాను.

డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళవచ్చు. వచ్చే వారం. మా అబ్బాయికి వణుకని చెప్పకుండా కళ్ళని చెప్పాలి.

ఇరవై ఐదో తేదీ, బుధవారం

పొద్దున్న లేచేసరికి కోడలు ల్యాబుకి వెళ్ళిపోయింది. మిషను మీద పట్టా మడిచి ఉంది. సూదిలో దారం ఉంది. తెల్లది. కొస జానెడు వదిలి, మిషను పాదం కిందుగా వెనక్కి లాగి ఉంచింది, సరిగ్గా నేను ఉంచినట్టే.

చక్రం ఒక్క తిప్పు తిప్పి, కాలు వేశాను.

గలీబు పూర్తయింది. హెలికాప్టరు కుర్చీ దిండుకి తొడిగాను. సరిపోయింది. సాయంత్రం మా అబ్బాయి ఒట్టి కాళ్ళతో కుర్చీ ఎక్కాడు. ఇరవై సెకన్లు నిలబెట్టాడు, గోడకి కొట్టాడు, నేను పక్కన చినిగిన దుప్పటికి అంచు తొక్కుతూ "వేళ్ళు ఆనించరా, పీక పిసక్కు" అంటున్నాను. కాసేపటికి వాడి చప్పుడు లేదు. చూస్తే కుర్చీలోనే నిద్రపోతున్నాడు. అందుకని ఆపలేదు. ఆపితే లేస్తాడు.

తెల్ల దారం ఈరోజుతో అయిపోతుంది. రేపటికి నల్లది కావాలి, కుడిపక్క సొరుగులో ఉంది. కాఫీ ఇవాళ బాగుంది, అది కూడా రాసుకో.